చెరువు మధ్య తలుపు

నేను ఒక గళ్ల పుస్తకాన్ని. గ్రాఫులు గీసుకోవడానికి పుట్టి, ఒక ఊరినే మోశాను.

కాకినాడలో ఆడపిల్లల పాలిటెక్నిక్‌లో చదివేటప్పుడు కాత్యాయని, పుష్పలీల కలిసి కంప్యూటర్ ఆట ఒకటి తయారు చేశారు. వీరుడు ఇంట్లోంచి బయలుదేరి, ఊరంతా తిరిగి, తప్పిపోయిన దూడను వెతకాలి. ఆ ఊరు నాలో ఉంది. గడికొక అంకె. సున్నా అంటే గడ్డి, ఒకటి గోడ, రెండు నీళ్లు. తెర మీద చెరువు మిలమిలలాడుతుంది కానీ, యంత్రానికి చెరువంటే తెలియదు. వీరుడు అడుగు పెట్టబోయే గడిలో ఏ అంకె ఉందో చూసి, వెళ్లనివ్వడమో ఆపడమో చేస్తుంది. బొమ్మ చూసి మురిసేది మనుషులే.

ఊరు గీసింది కాత్యాయని. తలుపుల జాబితా నా మొదటి పేజీలో విడిగా రాసింది: 'ఇంటి తలుపు: అడ్డం 4, నిలువు 9.' దాని కిందే చిన్న అక్షరాలతో, 'అడ్డంగా నాలుగు గళ్లు నడిచి, కిందికి తొమ్మిది దిగాలి' అని.

టైపు చేసిన పుష్పలీల ఆ చిన్న అక్షరాలు చదవలేదు. అడ్డం నాలుగంటే పైనుంచి నాలుగో అడ్డవరస అనుకుంది. తలుపు వెళ్లి చెరువు మధ్యలో పడింది.

ప్రదర్శన రోజున వీరుడు గోడకు తల కొట్టుకుంటూ ఇంట్లోనే ఉండిపోయాడు.

"ఏటండీ, మీవోడు ఇల్లరికం అల్లుడా? గడప దాటడేంటి?" అన్నాడు చూడవచ్చిన ఒకాయన. అందరూ నవ్వారు.

హైదరాబాదులో జరిగే పోటీకి ఆ ఇద్దరిలో ఒక్కరినే పంపాలి. మాస్టారి ముఖం ఎర్రబడింది. "ఈ పటం ఎవరు గీశారమ్మా?"

"కాత్యాయనండీ," అంది పుష్పలీల.

అది నిజమే. అందుకే ఇంకా సిగ్గు. నేను ఆమె మోచేతి కిందే ఉన్నాను. మొదటి పేజీ తెరిస్తే చాలు. ఆ మోచెయ్యి ఇంకాస్త బిగిసింది. కాత్యాయని తలవంచుకుని వైర్లు చుట్టింది. హైదరాబాదు వెళ్లింది పుష్పలీల.

తరవాత ఇరవై ఆరేళ్లు ఆమె ఇంట్లోనే ఉన్నాను. మిగిలిన గళ్లలో ముగ్గులు వేసుకుంది. మొదటి పేజీ మాత్రం ఎప్పుడూ తెరవలేదు. మొన్న ఆమె కూతురు తెరిచింది. "అమ్మా, ఎవరిదే ఇంత చక్కటి రాత?"

పుష్పలీల వాళ్లనీ వీళ్లనీ అడిగి కాత్యాయని నంబరు సంపాదించి, నన్ను ఒళ్లో పెట్టుకుని ఫోను చేసింది.

"కాత్యాయనీ, ఆ తలుపు... తప్పు నాదే."

అవతల చిన్న నవ్వు. "నాకు ఆ వేళే తెలుసే. పుస్తకం నీ మోచేతి కింద ఉందని కూడా తెలుసు. తెరుస్తావేమోనని చూశాను."

పుష్పలీల వేలు నా మీద అడ్డంగా నాలుగు గళ్లు నడిచి, కిందికి తొమ్మిది దిగి, అక్కడ ఆగింది.