తూర్పున కూడా యుద్ధమే

అరవై ఐదులో మొదలైన పాకిస్తాన్ యుద్ధం నాలుగేళ్లయినా ఆగలేదు. సైన్యమంతా పడమటే ఉంది. మా తమ్ముడు రామమోహనరావు మాత్రం తూర్పు సరిహద్దులో కాపలాకు పడ్డాడు. "ఇక్కడ ఈగలు తోలుకుంటున్నానక్కా" అని రాసేవాడు. నేనూ నిశ్చింతగా ఉన్నాను, నా ఖర్మ!

అరవై తొమ్మిది జూన్‌లో చైనా అటునుంచి విరుచుకుపడింది. రేడియోలో ఆ వార్త విని వెంటనే తమ్ముడికి కార్డు రాశాను. ఇన్నాళ్లూ అందరం పడమటికే చూస్తూ కూర్చున్నాం.

మాది గుడివాడ. దిల్‌సుఖ్‌నగర్‌లో ఎలీశమ్మగారింట్లో అద్దెకున్నాం. బయట తెలంగాణ ఉద్యమం భగ్గుమంటోంది. పోలీసు కాల్పుల్లో ఆవిడ మేనల్లుడి కాలు పోయింది. ఆంధ్రావాళ్ల కిటికీలకు రాళ్లు తగులుతున్నాయి. అయినా ఆవిడ మమ్మల్ని పొమ్మనలేదు. వీధి తలుపుకు బయట తాళం వేసి, "ఎన్కదిక్కు నుంచి తిరుగున్రి. అడిగినోళ్లకు ఖాళీ చేసిన్రని చెప్త" అంది.

ఆవిడ కొడుకు స్తెఫను లాహోర్ వైపు సిపాయి. ఎసరు పెట్టినప్పుడల్లా వాడి పేరు చెప్పుకొని, చర్చికని పిడికెడు బియ్యం తీసి కుండలో వేసేది. చైనా వార్త విన్న రోజు నుంచి రెండు పిడికిళ్లు తీస్తోంది.

ఇరవై రోజులైనా తమ్ముడి దగ్గర్నుంచి ఉత్తరం లేదు. నేను వేసిన కార్డులు అందాయో లేదో. ఇక ఉండబట్టలేక ఒక పొద్దున ఇంటి వెనక సందులోంచి వెళ్లి పోస్టుమాన్ గోపయ్యను ఆపాను.

అతను బిత్తరపోయాడు. "మీరు ఈడనే ఉన్నరా? మూడు జాబులొచ్చినయమ్మా, మిలిట్రీవి. ఖాళీ చేసిన్రని ఎలీశమ్మ చెప్తే, అదే రాసి వాపస్ పంపిన."

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంట్లోకొచ్చి ఆవిడ మీద విరుచుకుపడ్డాను. "ఊరందరితో చెప్పారు సరే, పోస్టుమాన్‌తో కూడా చెప్పాలా? వాడక్కడ బాంబుల మధ్య కూర్చుని, అక్కను తరిమేశారని ఏడుస్తుంటాడు! ఆ దిగులుతోనే పోతే?"

ఆవిడ బియ్యం చేట పక్కన పెట్టింది. "అయ్యో ప్రభువా! రాళ్లు పడకుంటె చాలనుకున్న నాగేశ్వరీ, జాబుల మాట యాదికే రాలే. నా స్తెఫను జాబు వారం రాకుంటే నేను ముద్ద ముట్ట. నీయి మూడు తిప్పి పంపిచ్చిన."

లేచి తాళంచెవి పట్టుకుని సందులోంచి వీధిలోకి నడిచింది. మూల మీద జెండాలు పట్టుకుని కుర్రాళ్లున్నారు. వాళ్లకవతల గోపయ్య ఇంకా జాబులు పంచుతున్నాడు. అందరూ చూస్తుండగా తాళం తీసి తలుపు బార్లా తెరిచింది.

"ఏందవ్వా, ఖాళీ చేసిన్రంటివి?" అన్నాడొకడు.

"అబద్దమాడిన. ఉన్నరు. ఓ గోపయ్యా, ఇనవడుతుందా? నాగేశ్వరి నా ఇంట్లనే ఉన్నది. జాబొస్తే ఈడికే తే!"

పీట తెచ్చి గుమ్మంలో వేసుకుని కూర్చుంది. నేను చెయ్యి పట్టుకుని లాగాను. "లోపలికి రండి ఎలీశమ్మగారూ, రాళ్లేస్తారు."

"ఏస్తే ఏయనీ. తలుపు మూసుకుంటే జాబెట్లొస్తది?"

నేనూ వెళ్లి ఆవిడ పక్కన కూర్చున్నాను.