రెండో దారి

మధ్యాహ్నం ఒంటిగంట చుక్కలు పడలేదు. అత్తగారి కంటికి ఆపరేషనై నాలుగో రోజు. ఒక్కపూట తప్పినా కష్టమన్నాడు డాక్టరు. కోడలు సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆ కన్ను చింతనిప్పులా ఉంది.

"ఒక్క ఫోన్ చేసుంటే వేసేవాణ్ణి కదా," అన్నాడు భర్త సోఫాలోంచి. తల్లి కోసమని సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్న మనిషి. "నువ్వు గుర్తుచేస్తావనుకున్నా."

"పోనీలేమ్మా, నీ పనులు నీకుంటాయిగా," అంది అత్తగారు. తిట్టినా బాగుండేది. చేతులు కడుక్కుని చుక్కలు వేస్తున్నంతసేపూ కోడలికి తల ఎత్తబుద్ధి కాలేదు. ఇంతకీ ఒంటిగంటకి తను వెలగబెడుతున్న రాచకార్యం ఏమిటి? ఇరవై ఏళ్ల తర్వాత దేశాలన్నిటినీ కలపబోయే కంప్యూటర్ నెట్‌వర్క్ ఎలా ఉండాలన్న పరిశోధన. అలారం మోగాల్సిన ఫోనుని స్విచాఫ్ చేసి, తెర మీది నమూనాలో ఒక్కో యంత్రాన్నీ ఆపి చూస్తూ కూర్చుంది. ఒకటి ఆగితే కబురు రెండో దారిన పోవాలి. పోలేదు. వెతగ్గా వెతగ్గా తేలిందేమిటంటే, కాగితం మీద దారులు రెండున్నా, రెండూ వెళ్లి ఒకే పెట్టెలో దూరుతున్నాయి; ఆ పెట్టె ఆగితే రెండూ ఆగినట్టే. "ఇది ఏ మహానుభావులు గీశారండీ?" అని పక్క సీటమ్మాయి నవ్వింది. గీసింది తనే.

మర్నాడు పొద్దున టిఫిన్ డబ్బా మూత పెడుతుంటే చెయ్యి ఆగిపోయింది. చుక్కలకి మొదటి దారి తన ఫోన్లో అలారం. రెండో దారి ఆయన. మరి ఆయనకి గుర్తుచేసేదెవరు? మళ్లీ తనే. తల్లి మంచినీళ్లకి కూడా ఆఫీసుకే ఫోన్ చేస్తుంది; పక్కగదిలోని కొడుక్కి ఆ సంగతి ఆఫీసులో ఉన్న కోడలే ఫోన్ చేసి చెప్పాలి.

అలారం తీసేసి, చుక్కల సీసా ఆయన చేతిలో పెట్టింది. "ఒంటిగంటకి. నేను ఫోన్ చెయ్యను."

"నాకు మతిమరుపని తెలుసుగా."

"మ్యాచ్ టైము ఎప్పుడూ మర్చిపోలేదుగా మీరు."

ఒంటిగంట దాటాక ఆఫీసులో ఆమె ప్రాణం ప్రాణంలో లేదు. పెద్దావిడ కంటితోనా నీ పంతాలు, నువ్వసలు మనిషివేనా అని తనని తనే తిట్టుకుంది. ఫోను తీసింది, పెట్టింది, మళ్లీ తీసింది. చివరికి సొరుగులో పడేసి తాళం వేసింది.

సాయంత్రానికి కన్ను ఎరుపు తగ్గింది. చెంప మాత్రం జిడ్డు.

"సగం కంట్లో, సగం చెంప మీద," అంది అత్తగారు.

"పోనీలెండి, ఆయనకి గుర్తుంది."

"వాడికా! ఒకటిన్నర దాకా చూశాను. నీకు చేస్తే నువ్వు ఎత్తలేదు. ఇంకేం చెయ్యను? ఒరేయ్, ఇలా రారా అని కేకేశాను."

ముప్ఫై ఎనిమిదేళ్ల కొడుకుని ఆ తల్లి ఒక పనికి పిలవడం అదే మొదటిసారి.