కెర్నెల్‌కు రాహుకాలం

ఫిల్మ్‌నగర్‌లో మా గ్రాఫిక్స్ స్టూడియో ఓనరు రాజ్యలక్ష్మిగారు రాహుకాలంలో ఫైలు కూడా తెరవనివ్వరు. అది 2006. కొత్త లినక్స్ సర్వరుకు డిస్కు తగిలించగానే షూటింగ్ ఫుటేజీ దానంతటదే కాపీ కావాలని, రాహుకాలమైతే మాత్రం ముందు తనను అడగాలని హుకుం జారీ చేశారు.

హైటెక్ సిటీ ఉద్యోగం వదిలేసి సినిమా పిచ్చితో వచ్చిన మా క్రాంతికుమార్ ఆ పని చేశాడు. డిస్కు తగలగానే, సర్వరుకు గుండెకాయలాంటి కెర్నెల్ బయటున్న ఒక చిన్న ప్రోగ్రామును పిలుస్తుంది. ఆ ప్రోగ్రాము పని ముగించేదాకా కెర్నెల్ కదలకుండా కూర్చుంటుంది. ఆ ప్రోగ్రాము పంచాంగం చూసి, రాహుకాలమైతే "మొదలుపెట్టమంటారా?" అని అడుగుతుంది. ఎంత మర్యాద!

శుక్రవారం పదకొండింటికి డిస్కు తగిలించాం. సర్వరు బిగుసుకుపోయింది.

"నీ ప్రోగ్రాము ఎవర్ని అడుగుతది క్రాంతీ?" అన్నాను.

"మేడమ్‌నే."

"కెర్నెల్ పిలిచినదానికి స్క్రీను ఉండదు, కీబోర్డు ఉండదు. అడిగేది ఎవరికీ కనవడదు, జవాబు రాదు. మేడమ్ ఏమన్న కెర్నెల్‌ల కూసుంటదా?"

మహానుభావుడు తల గోక్కున్నాడు. పన్నెండు దాటాక మేడమ్ వచ్చి, సర్వరు చుట్టూ నిమ్మకాయ తిప్పి, ఆపి మళ్లీ ఆన్ చేయమన్నారు. రాహుకాలం పోయింది గనక ప్రోగ్రాము ఏమీ అడగలేదు. కాపీ చకచకా అయిపోయింది.

"చూశారా? నేను చెబితే నవ్వుతారుగా!" అన్నారు మేడమ్.

సాయంత్రం క్రాంతి రిపోర్టులో 'కారణం' అన్నచోట 'రాహుకాలం' అని రాశాడు. కొట్టేద్దామని పెన్ను తీశాను. తీరా చూస్తే, అందులో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు.