హెడ్ సిస్టర్ వీక్లీ ఆఫ్

ఏడో రోజు పొద్దున్న డాక్టరు బండెక్కనని మొండికేశాడు.

డాక్టరంటే కుక్క. పదమూడేళ్ల ముసలాడు. రౌండ్స్‌కి వచ్చినట్టు వచ్చి, ఎగాదిగా ఓసారి చూసి, ఏమీ చేయకుండా వెళ్లిపోతాడని హెడ్ సిస్టర్ ఆ పేరు పెట్టింది. ముప్ఫై నాలుగేళ్లు ఆసుపత్రిలో నర్సుగా చేసిన మనిషికి ఆ మాత్రం కసి ఉండదూ? రిటైరైన నెలలోనే ఆసుపత్రి వాళ్లు వదిలించుకున్న పాత అంబులెన్సు కొనేసింది. స్ట్రెచర్ ఉండే చోట పరుపు వేయించి, ఆక్సిజన్ సిలిండర్ ఉండే చోట గ్యాస్ స్టవ్ బిగించుకుని, డాక్టర్ని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని ఒక్కతే రోడ్డెక్కింది. ఆరు రోజులు రోజూ పొద్దున్న ఆరింటికల్లా బండి తీసింది.

ఇప్పుడేమో డాక్టరు బండి కిందకి దూరి, ముందుకాళ్ల మీద తల పెట్టుకుని పడుకున్నాడు. ఆవిడ బిస్కెట్టు చూపించింది, బుజ్జగించింది, తిట్టింది. ససేమిరా అన్నాడు. వంగి బయటికి లాగబోతే తన నడుమే పట్టేసింది. తన ఒళ్లు కూడా హూనమైందని ఆవిడకి అప్పుడు తెలిసింది.

"సరే, ఇవాళ ఆఫ్," అంది.

టైర్ల షాపు వెనక ఖాళీ జాగా అది. ముందురోజు సాయంత్రం షాపాయన్ని అడిగి అక్కడ బండి పెట్టుకుంది. గోడవారన అరిగిన టైర్లు నడుమెత్తున పేర్చి ఉన్నాయి. మడత కుర్చీ వేసుకుని, ఇంకో కుర్చీ మీద కాళ్లు బారజాపింది. పది నిమిషాలయ్యేసరికి ఏదో తప్పు చేస్తున్నట్టు ప్రాణం పీకింది. గిన్నెలు కడుగుదామని లేచి, ఛీ అనుకుని మళ్లీ కూర్చుంది. ఊరికే కూర్చోవడం ఈ వయసులో నేర్చుకోవాల్సి వచ్చింది.

ఆసుపత్రిలో వారానికో ఆఫ్ ఉండేది, కాగితం మీద. ఒకరికి జ్వరమనీ, ఇంకొకరి పిల్లలకి పరీక్షలనీ ఆవిడ ఆఫ్ వాళ్లకి పోయేది. అలా పోగా మిగిలింది తమ్ముడింటికి పోయేది. మరదలి పురుళ్లు రెండూ ఆవిడ చేతుల మీదే. తమ్ముడి పచ్చకామెర్లూ ఆవిడ చేతుల మీదే. ఆ ఇంట్లో ఎవరు దగ్గినా ముందు అక్కకే ఫోను. అక్క ఖాళీగా కూర్చోగా చూసినవాళ్లు మాత్రం లేరు.

అందుకే తమ్ముడితో చేసుకున్న ఒప్పందంలో అంత పొరపాటు దొర్లింది. బయల్దేరే ముందు తమ్ముడు ఆవిడ ఫోన్లో ఏదో నొక్కి, బండి ఎక్కడుందో తన ఫోన్లో చుక్కలా కనబడేట్టు చేసుకున్నాడు. "ఒక్క పూట పగలు చుక్క కదలకపోయినా నీకేదో అయిందన్నమాటే. వచ్చి బండితో సహా ఇంటికి తీసుకొచ్చేస్తా. మళ్లీ వెళ్తానని అనకూడదు. మాటివ్వు," అన్నాడు. ఇచ్చేసింది. మధ్యలో ఒక రోజు హాయిగా ఆగుతుందేమోనన్న ఆలోచన ఇద్దరిలో ఒక్కరికీ రాలేదు.

ఆరు రోజులూ ఆవిడ తిరిగింది చుట్టుదారి. ఇంటి నుంచి తిన్నగా వస్తే నాలుగు గంటలే. మధ్యాహ్నం రెండింటికి కారొకటి సర్రున వచ్చి ఆగింది. తమ్ముడు దిగాడు. అంబులెన్సు వెనక్కి నడపడానికని కుదుర్చుకున్న డ్రైవరు కూడా దిగాడు. అక్క కళ్లు మూసుకుని కుర్చీలో వాలి ఉండటం చూసి తమ్ముడి పై ప్రాణాలు పైనే పోయాయి.

"అక్కా!"

"అరవకురా. డాక్టరు పడుకున్నాడు."

బతికే ఉందని తేలగానే కోపం తన్నుకొచ్చింది. "ఏమైంది? బండి చెడిపోయిందా? ఒంట్లో బాలేదా?"

"ఏం కాలేదు. ఇవాళ ఆఫ్."

"ఆఫ్ ఏంటి?"

"ఆఫంటే ఆఫే. ఏ పనీ చెయ్యను."

తమ్ముడికి అర్థం కాలేదు. ఎప్పుడైనా చూస్తేగా పాపం.

"అదంతా నాకు తెలీదు. మాటిచ్చావు. పొద్దున్నించి చుక్క కదల్లేదు. తాళాలివ్వు," అని చెయ్యి చాపాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "ఎలాగూ వచ్చే వారం మా అత్తగారికి మోకాలి ఆపరేషను. నువ్వు పక్కనుంటే..." అంటూ నీళ్లు నమిలాడు.

అదీ సంగతి! హెడ్ సిస్టర్‌కి ఒళ్లు మండిపోయింది. కుర్చీలోంచి మాత్రం లేవలేదు.

"అవును, మాటిచ్చాను. ఇప్పుడు తప్పుతున్నాను. నీ దగ్గర నేను తప్పిన మాట ఇదొక్కటే, కావాలంటే రాసి పెట్టుకో. తాళాలివ్వను. మీ అత్తగారికి నర్సుని పెట్టుకో. ఊళ్లో బోలెడుమంది ఉన్నారు."

"రేపు నీకేదన్నా అయితే? పక్కన కుక్క తప్ప మనిషి లేడు!"

ఆవిడ ఫోన్ తీసి తమ్ముడి చేతిలో పెట్టింది. "ముందు ఆ చుక్క తీసెయ్."

"తీసేస్తే నువ్వు ఎలా ఉన్నావో మాకెలా తెలుస్తుంది?"

"ఫోన్ చేసి అడిగితే తెలుస్తుంది. ఎప్పుడొస్తావు, ఏ మాత్ర వెయ్యాలి, సూది ఎవరు వేస్తారు, ఇవన్నీ అడిగావు. ఎలా ఉన్నావక్కా అని ఒక్కసారైనా అడిగావా?"

తమ్ముడు నోరు తెరిచాడు. ఎప్పుడో ఒకప్పుడు అడిగే ఉంటానని గుర్తు చేసుకోబోయాడు. ఏదీ గుర్తుకు రాలేదు. డ్రైవరు మర్యాదస్తుడు, టైర్ల వైపు తిరిగి నిలబడ్డాడు.

తమ్ముడు చుక్క తీసేసి ఫోన్ తిరిగిచ్చాడు. రెండో కుర్చీ వైపు చూశాడు. ఆవిడ దాని మీంచి కాళ్లు తియ్యలేదు. చేసేది లేక ఒక టైరు దొర్లించుకొచ్చి, పడుకోబెట్టి, దాని మీద కూలబడ్డాడు. ఇస్త్రీ ప్యాంటు మసిబారినా పట్టించుకోలేదు.

"ఎలా ఉన్నావక్కా?" అన్నాడు చివరికి.

ఆవిడకి బాగానే ఉన్నానని అలవాటుగా నోటిదాకా వచ్చింది. మింగేసింది.

"అలిసిపోయాన్రా. చాలా అలిసిపోయాను. ఇంటికొస్తే తగ్గే అలసట కాదు, ఇంట్లోనే పట్టుకుంది నన్ను."

తమ్ముడు లేచి, డ్రైవర్ని కారెక్కమన్నాడు. ఆ ఇంట్లో ఎవరు ఎక్కడికి బయల్దేరినా వీధి చివరిదాకా వెళ్లి సాగనంపేది అక్కే. అది గుర్తొచ్చిందేమో, వెనక్కి తిరిగి, "నువ్వు లేవకు, కూర్చో," అన్నాడు.

ఆవిడకి లేచే ఉద్దేశమే లేదు.