ఇటుకకు చేయించని పరీక్ష

గుండుసూది అక్క ఇప్పుడు బతికి లేదేమోనన్నదే నా భయం. తొమ్మిది రోజులుగా పాపకు పాలు పడుతున్నా, గుడ్డలు ఆరేస్తున్నా తలలో ఇదొక్కటే తిరుగుతోంది. ఆమె అసలు పేరు నాకు తెలియదు. ముఖం చూడలేదు. అయినా ఆమెకేదైనా అయి ఉంటే అందులో నా పాత్ర ఉంది. ఎలాగో చెబుతాను.

మేమిద్దరం ఫోన్‌లో గుర్రాల ఆట ఆడేవాళ్ళం. ఆడేవాళ్ళందరికీ ఒక్కో లాయం ఉంటుంది. మగగుర్రాన్నీ ఆడగుర్రాన్నీ జతకడితే పిల్ల పుడుతుంది. అది ఏ రంగులో, ఏ మచ్చలతో పుడుతుందో ముందే లెక్కగట్టడంలోనే ఆటంతా ఉంది. పాప కడుపులో ఉన్నప్పుడు డాక్టరమ్మ మంచం దిగొద్దంటే ఊసుపోక మొదలుపెట్టాను. అర్ధరాత్రి నిద్రమత్తులో ఆడతానని ఆట ఆడేవాళ్ళు నాకు సగంనిద్ర అని పేరు పెట్టారు. అక్క బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుడుతుంది కాబట్టి తనకు తానే గుండుసూది అని పెట్టుకుంది.

నేను తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేశాను. జన్యువులంటే ఏమిటో నాకు చెప్పింది మేష్టార్లు కాదు, ఆమే. మధ్యాహ్నం భోజనాల వేళ, వెనకాల మిషన్లు ఒక్కొక్కటీ ఆగుతుండగా, గొంతు రికార్డు చేసి పంపేది.

"ఒసేయ్ సగంనిద్రా, వింటున్నావా? పిల్ల ఏదైనా సరే, అమ్మ దగ్గర్నుంచి ఒకటి, నాన్న దగ్గర్నుంచి ఒకటి తెచ్చుకుంటుంది. చొక్కాకి రెండు చేతులున్నట్టు. ఒక చెయ్యి అమ్మ కుట్టింది, ఇంకోటి నాన్న కుట్టాడు. ఈ ఫ్రేమ్ మచ్చ ఉంది చూశావూ, అది ఒక్క చేతికే వస్తే గుర్రం రాణిలా ఉంటుంది. పక్కల మీద సున్నం ఒలికినట్టు ఎంత బావుంటుందో! రెండు చేతులకీ వచ్చిందనుకో…"

"వస్తే ఏమవుతుందక్కా?"

"రాకూడదు తల్లీ."

రెండూ వస్తే పిల్ల ఒళ్ళంతా తెల్లగా, నీలికళ్ళతో పుడుతుంది. చూడటానికి దేవతలా ఉంటుంది. లేచి నిలబడుతుంది, పాలు కూడా తాగుతుంది. కానీ దాని పేగులు పనిచేయవు. తాగింది కడుపులోనే నిలిచిపోతుంది. ఒక రోజు, మహా అయితే రెండు రోజులు. నిజం గుర్రాల్లోనూ ఇంతేనట, ఆట చేసినవాళ్ళు అక్కణ్ణుంచే తెచ్చారట. ఇంకో చిక్కేమిటంటే, ఒక చేతికి మచ్చ ఉన్న గుర్రం ఒక్కోసారి అసలు బయటపడదు. ఒళ్ళంతా మామూలు గోధుమరంగే, నుదుటి మీద చిన్న చుక్క, అంతే. అందుకే జతకు ముందు పరీక్ష చేయించాలి. ఫలితానికి మూడు రోజులు పడుతుంది.

మా అత్తయ్యకు ఈ గొడవంతా వింతగా ఉండేది. "ఏమ్మా, ఆ గుర్రాలేవో పాలిస్తే కనీసం టీ అన్నా పెట్టుకునేవాళ్ళం కదా!" అని ఎగతాళి చేసేది. అది విని అక్క పగలబడి నవ్వింది. "మీ అత్తయ్యని ఒకసారి మాట్లాడించవే, నా లాయానికి మేనేజరుగా పెట్టుకుంటా" అంది.

ఆమె జోకులు వెయ్యకముందే నవ్వేసేది. అలాంటి మనిషి ఒకరోజు నవ్వకుండా మాట్లాడింది. "నాకూ ఒకతె పుట్టిందే. ఒక్క రోజుంది. పేరు పెట్టేలోపే పోయింది. పేరు మాత్రం నా దగ్గరే ఉండిపోయింది, ఏం చెయ్యాలో తెలీక. ఆయన వాళ్ళమ్మ దగ్గరికెళ్ళి మళ్ళీ రాలేదు. నా నురగకి ఆడపిల్ల పుడితే దానికి పెట్టేస్తా ఆ పేరు. నవ్వకు."

"నవ్వట్లేదక్కా."

నురగ ఆమె ఆడగుర్రం. దానికి ఫ్రేమ్ మచ్చ ఒకటి ఉంది, పక్కల మీద తెల్లగా కనిపిస్తూనే ఉంటుంది. అందుకని అసలు మచ్చ లేని మగగుర్రం కోసం నెలల తరబడి వెతికింది. నా దగ్గర ఇటుక అని ఒకటుంది. పేరుకు తగ్గ రంగు, మంచి నడక, నుదుటి మీద చిన్న చుక్క తప్ప ఎక్కడా తెలుపు లేదు.

మా ఆటలో ఒక పద్ధతుంది. జతకిచ్చే గుర్రం పేజీలో "పరీక్ష అయింది, ఫ్రేమ్ లేదు" అని యజమానే రాయాలి. రుజువు ఎవరూ అడగరు, అడిగితే నమ్మలేదని తిట్టినట్టే. ఆ వారం మా పాపకు జ్వరం. ఒళ్ళు కాలిపోతోంది. నురగ జతకొచ్చే గడువు రెండు రోజులే మిగిలింది. ఇటుకకు పరీక్ష పెడితే మూడు రోజులు పడుతుంది. ఇటుక చెల్లెలికి అంతకుముందే చేయించాను, లేదని వచ్చింది. ఒకే తల్లి, ఒకే తండ్రి. చెల్లెలికి లేనిది అన్నకెక్కడ్నుంచి వస్తుంది అనుకున్నాను. "పరీక్ష అయింది, ఫ్రేమ్ లేదు" అని పేజీలో రాసేశాను. అది చూసి అక్క నురగను ఇటుకతో జతకట్టింది.

తోబుట్టువులైనా ఎవరి చొక్కా వారిదే. అక్క నాకు నేర్పిన మొదటి పాఠమే అది. తెలిసి కూడా రాశాను.

నురగ పిల్ల ఆదివారం పొద్దున పదకొండింటికి పుట్టింది. అక్కకు సెలవు. నేను పాపను ఒళ్ళో వేసుకుని ఆమె లాయాన్ని నా ఫోన్‌లో చూస్తున్నాను. గడ్డి మీద తడి తడిగా పడుకుని ఉంది. ముందు కాళ్ళు చూశాను. తెలుపు. మెడ తెలుపు. తోక తెలుపు. అప్పుడది తల తిప్పింది.

నీలికళ్ళు.

పాపను ఎంత గట్టిగా పట్టుకున్నానో, అది కెవ్వుమంది.

"చూశావా! చూశావటే! ఆడపిల్ల! ఎంత తెల్లగా ఉందో నా బంగారం!" అక్క గొంతు వచ్చింది.

ఆమెకు తెలియకుండా ఉంటుందా? నాకు నేర్పిందే ఆమె. కానీ ఇటుకకు ఫ్రేమ్ లేదని నేను రాశాను కదా. ఆ మాట మీద అంత నమ్మకం. తెల్లగా పుట్టడానికి వేరే దారులు కూడా ఉన్నాయి, ప్రాణం తీయనివి. వాటిలో ఏదో అనుకుంది. నేను అప్పుడే చెప్పాల్సింది. పేరు పెట్టకక్కా, కాసేపు ఆగు అని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. మూడుసార్లు రాసి మూడుసార్లూ చెరిపేశాను. "బావుందక్కా" అని పంపాను.

ఆటలో పిల్లకు మొదటి రోజంటే మనకు ఆరు గంటలు. ఆ ఆరు గంటలూ ఆమె మాట్లాడుతూనే ఉంది. లేచి నిలబడిందే. పాలు తాగిందే. వాళ్ళమ్మ తోక లాగుతోందే, దొంగముండ. సాయంత్రం ఐదింటికి తెర మీద ఎర్రటి పెట్టె వచ్చింది. పిల్లకు కడుపునొప్పి, వైద్యం లేదు. కింద ఒకటే మీట. నొక్కితే పిల్ల బాధ లేకుండా పోతుంది. నొక్కకపోతే అది నేల మీద దొర్లుతూనే ఉంటుంది.

ఆమె నలభై నిమిషాలు నొక్కలేదు. ఆ పిల్ల దొర్లుతుంటే నేనూ చూస్తూనే ఉన్నాను.

తర్వాత ఆమె గొంతు వచ్చింది. మామూలుగానే ఉంది, అదే నన్ను భయపెట్టింది. "దానికి పేరు పెట్టేశానే. ఇప్పుడు ఆ పేరు కూడా అయిపోయింది."

ఇక ఆగలేకపోయాను. పరీక్ష ఇటుకకు చేయించలేదనీ, దాని చెల్లెలి ఫలితం చూసి రాశాననీ, పుట్టగానే నాకు అర్థమైందనీ అన్నీ రాసి పంపాను. చూసినట్టు గుర్తు పడింది. చాలాసేపటికి రెండు ముక్కలు వచ్చాయి. "నీ తప్పేం లేదులే. పాపకి పాలు పట్టు."

మంగళవారం మధ్యాహ్నం పాపకు స్నానం చేయిస్తుంటే ఫోన్ ఆగకుండా మోగింది. "ఎవరే అంతలా పిలుస్తున్నారు, కొంపలేమైనా అంటుకున్నాయా?" అంది అత్తయ్య. చేతులు తుడుచుకుని చూస్తే ఎవరూ పిలవడం లేదు. గుండుసూది మీకు ఒక గుర్రాన్ని బహుమతిగా ఇచ్చారు. గుండుసూది మీకు ఒక గుర్రాన్ని బహుమతిగా ఇచ్చారు. పదిహేడు సార్లు. ఆమె నాలుగేళ్ళు పెంచిన లాయమంతా. చివర వచ్చింది నురగ. దాంతోపాటు ఒక చీటీ: దీనికి ఎడమ వెనక గిట్ట సున్నితం, ఎక్కువ పరిగెత్తించకు.

ఉన్నవన్నీ పంచిపెట్టేవాళ్ళు ఎందుకు పంచిపెడతారో నాకు తెలుసు. ఆ రోజు నాలుగూ పదికి ఆమె ఆటలోంచి వెళ్ళింది. మళ్ళీ రాలేదు.

ఆట వాళ్ళకు రాశాను. సభ్యుల వివరాలు ఇవ్వలేం అన్నారు. ఇతర ఆటగాళ్ళనడిగితే, ఊరు తెలిసినవాళ్ళు లేరు. మా ఆయన మొదట విసుక్కున్నాడు. "రోజూ మాట్లాడుకునే మనిషి, కనీసం పేరైనా అడగలేదా నువ్వు?" అడగలేదు. ఎప్పుడూ అవసరం పడలేదు. నా ఏడుపు చూసి ఆయనే తన వ్యాన్ తీసి పోలీస్ స్టేషన్‌కు తీసుకెళ్ళాడు.

"తప్పిపోయినావిడ పేరు?"

"గుండుసూది."

రాస్తున్నాయన పెన్ను ఆపాడు. "ఇంటిపేరు దారమా?"

పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఎందుకు పోయిందని అడిగితే గుర్రప్పిల్ల చచ్చిపోయిందని చెప్పాను. ఎక్కడ చచ్చిందన్నాడు. ఫోన్‌లో అన్నాను. ఆయన పెన్ను మూత పెట్టేసి, "అమ్మా, పిల్లకి ఎండ తగులుతుంది, ఇంటికెళ్ళు" అన్నాడు. కోపంగా కాదు, జాలిగానే. అదే భరించలేకపోయాను.

అక్క పంపిన మాటలన్నీ మళ్ళీ మొదట్నుంచి విన్నాను, ఏదైనా ఆనవాలు దొరుకుతుందేమోనని. దొరికినవి ఇవి. ఆమె ఉండేది మూడో అంతస్తులో, ఒంటిగది. కింద ఇస్త్రీ కొట్టుంది, కుంటికుక్క ఒకటుంది, మెట్లెక్కుతూ దాన్ని "ఏరా పెద్దమనిషీ" అని పలకరిస్తుంది. లిఫ్టు ఎప్పుడూ చెడిపోయే ఉంటుంది. నడివేలికి కుట్లు పడి గోరు సగమే పెరిగింది. గొంతు కొంచెం బొంగురు. వయసు ముప్పై దాటి ఉంటుంది. అంతకు మించి నాకేమీ తెలియదు.

ఇది చదువుతున్న మీ భవనంలో, మీ వీధిలో, మీ ఫ్యాక్టరీలో ఇలాంటి మనిషి ఉంటే, ఈమధ్య పనికి రాకపోతే, దయచేసి ఇవాళే వెళ్ళండి. తలుపు కొట్టండి. అన్నం తిన్నావా అని అడగండి, ఏమైందని మాత్రం మొదటే అడగొద్దు. పలకకపోతే నిద్రపోతోందేమోలే అని వెనక్కి తిరగొద్దు. ఇంకోసారి కొట్టండి, పక్కవాళ్ళను పిలవండి. తలుపు తీసేదాకా అక్కడే ఉండండి.