పదకొండో కోడి

బచేలి గనుల టౌన్‌షిప్ నుంచి మూడు రోజుల కోసం అడవిలో తర్రెం దారిలోని బడికి వచ్చిన బొమ్మల టీచరు రామతులసికి ఒక అలవాటు ఉంది. వెళ్ళేముందు, పిల్లలు చెక్కిన అచ్చులన్నిటి మీదా మేకుతో అడ్డంగా గీకేస్తుంది. పది ముద్రలంటే పదే, ఆ తర్వాత అచ్చు బతకకూడదు, అదీ పద్ధతి అని చెబుతుంది. నిజానికి తను వచ్చేశాక వెనక ఏదో మిగిలిపోయిందన్న బెంగ ఆమెకు పడదు.

ఈసారి చెక్కలు దొరకలేదు. ఏడో తరగతి వాళ్ళను తలా ఒక పాత హవాయి చెప్పు తెమ్మంది. అడుగున బొమ్మ చెక్కించి, రోలరుతో నల్ల సిరా పూయించి, చెప్పు తొడుక్కుని కాగితం మీద నిలబడమంది. ప్రెస్సు లేని లోటు పిల్లల బరువే తీర్చింది. బక్క మంగల్ బొమ్మ ఎంతకీ పడకపోతే, "అన్నం తినొచ్చి నిలబడు, పో" అని తోటివాళ్ళు తరిమారు.

నందే అనే పిల్ల చెక్కిన కోడిపెట్ట పది కాగితాల మీదా దిట్టంగా పడింది. రామతులసి మేకు తీసింది.

"ఆగుండ్రి మేడం! ఇంకొకటి కావాలె," అంది నందే, మళ్ళీ సిరా పూసేస్తూ.

"పదే అన్నాను కదమ్మా."

"మావోళ్ళయి పదకొండిండ్లు. అడవిల ఏం దొరికినా అన్నిండ్లకూ పంచుతం. ఒక్కింటికి తప్పిందంటే మా సుశీలత్త పండుగ దాక మాట్లాడది."

"మీ అత్తకు నేను చెప్తాలే."

"మీరు సాయంత్రం జీపెక్కి పోతరు. తిట్లు తినేది నేను."

తరగతి ఘొల్లుమంది. రామతులసి మొహం చిన్నబోయింది.

"కాగితాలు అయిపోయాయి. చెప్పు ఇలా ఇయ్యి."

నందే ఇవ్వలేదు. చెప్పు కాలికి తగిలించుకుని పరుగందుకుంది. మర్నాటి తనిఖీ కోసం కడిగించిన వరండాలో అడుగుకో కోడి వెలిసింది. మొదటివి నిగనిగలాడాయి, పోనుపోను పాలిపోయాయి. వెనకాల మేకు పట్టుకుని రామతులసి, ఆమె వెనక తరగతి మొత్తం. హెడ్మాస్టరు చక్రధరరావు కాళ్ళ దగ్గర ఊరేగింపు ఆగింది.

"ఏమిటండీ ఈ కోళ్ళు?"

"తొమ్మిది సార్!" అన్నాడు మంగల్, వంగి లెక్కపెట్టి.

నందే చెప్పు విప్పి గుండెకు హత్తుకుంది. గౌను నల్లబడింది.

"ఇంకొక్కటి వేసినంక గీకుతే గీకుండ్రి మేడం. కానీ ఎండాకాలంల మా అన్న పెండ్లి. పన్నెండో ఇల్లు లేస్తది. అప్పుడేం చెయ్యాలె?"

రామతులసి ముప్పై ఏళ్ళుగా ఎన్నో ఊళ్ళకు వెళ్ళింది, వదిలి వచ్చిన ప్రతిదాన్నీ లెక్కపెట్టుకుంది. వదిలి వచ్చాక అక్కడ కొత్త ఇళ్ళు లేస్తాయని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. మేకు సంచిలో పడేసి, రోలరు తెమ్మంది.

"మరి కాగితం?" అంది నందే.

హెడ్మాస్టరు చేతిలో బీజాపూర్ జిల్లా ఆఫీసు నుంచి వచ్చిన ఆర్డరు ఉంది. వెనకవైపు తెల్లగా ఉంది. "ఒక్కసారి ఇలా ఇస్తారాండీ?" అంది రామతులసి. మర్యాదస్తుడు, ఇచ్చేశాడు. నందే ఒంటి కాలి మీద బరువంతా వేసి నిలబడింది.

"అయ్యయ్యో, దాని మీద సంతకం పెట్టి తిరిగి పంపాలండీ!"

"సుశీలత్తనడిగి తెచ్చుకోండ్రి సార్," అంది నందే, కోడిని గాలికి ఆరబెడుతూ. "ఇస్తదని మాత్రం నేను చెప్ప."