గురక విని ఎక్కిన లారీ

ఘనా దేశపు ఉత్తరాన, నవ్రోంగో లారీల అడ్డాలో టమాటా వ్యాపారం చేసే ఆడవాళ్లు డ్రైవర్‌ను గురకతో తూచుతారు. రాత్రి సరుకు ఎక్కుతున్నంతసేపూ డ్రైవరు లారీ కింద చాప పరుచుకుని పడుకుంటాడు. గురక గట్టిగా వినిపిస్తే ఒళ్లెరగని నిద్ర పట్టినట్టు, ఆ లారీ దక్షిణాన కుమాసీ మార్కెట్ దాకా భద్రమైనట్టు. ఆ లెక్కలో ఇమోరోను మించినవాడు లేడు. అతని లారీ కోసం పోట్లాటలే జరిగేవి.

ఈసారి అది పొకువాకు దక్కింది.

"నీ అదృష్టం వదినా," అంది తోటి వ్యాపారి దుఫీ. "వాడి గురకకి టైర్లలో గాలి దానంతటదే నిండుతుంది."

"ఏడవకే. నీ డ్రైవరు పిల్లిలా పడుకుంటాడు. నీ టమాటాలు ఏ కాలవలో పోస్తాడో చూసుకో."

అంతలో గురక ఆగింది. ఐదు పెట్టెలు లారీ ఎక్కాయి, ఊపిరి లేదు. తర్వాత నీళ్లలోంచి తేలినవాడిలా ఎగశ్వాస తీసి, ఇమోరో మళ్లీ గురక అందుకున్నాడు. ఏ పీడకలో వచ్చి ఉంటుందని పొకువా పట్టించుకోలేదు.

తెల్లారాక బయలుదేరారు, పొకువా డ్రైవరు పక్క సీట్లో కూర్చుంది. తమాలే ఊరు దాటి చాలా దూరం వచ్చాక, మిట్టమధ్యాహ్నపు ఎండలో ముందు చక్రం తారు దిగి కంకర మీద గరగరలాడింది. పొకువా తిరిగి చూసింది. ఇమోరో కళ్లు సగం మూతపడి ఉన్నాయి, గడ్డం ఛాతీకి ఆనింది. లారీ మళ్లీ తారెక్కి అడ్డంగా అవతలి వైపుకు పోతోంది. ఎదురుగా ఆయిలు ట్యాంకరు.

"ఇమోరో!"

స్టీరింగ్ పట్టుకుని తనవైపు లాగింది. ట్యాంకరు హారన్ చెవి పక్కనుంచి వెళ్లిపోయింది. వెనక పెట్టెలు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి.

ఇమోరో ఉలిక్కిపడి బ్రేకు తొక్కాడు. "రాయి తగిలిందక్కా," అన్నాడు.

"రాయి కాదు. నిద్రపోయావు."

"తొమ్మిది గంటలు పడుకున్నాను! నువ్వే విన్నావుగా?"

విన్నది నిజమే. అడుగున గడ్డి, పైన పండ్లు పెట్టిన పెట్టెను ఆమె చేత్తో ఎత్తగానే పట్టేస్తుంది. ఈ నిద్రను మాత్రం పైపైనే చూసి కొనుక్కుంది.

"మరి మధ్యలో ఊపిరెందుకు ఆగింది?"

"నా పెళ్లామూ అదే అంటుంది, ఆరేళ్లుగా. లేచేసరికి తల పగిలిపోతుంటుంది. మత్తు వదిలించే కోలా గింజ నమిలితే సర్దుకుంటుంది."

"ఇలా ఎన్నిసార్లు రోడ్డు దిగావు?"

"రెండు... మూడు. చెబితే నన్నెవరు పిలుస్తారక్కా?"

పొకువా తాళంచెవి లాక్కుంది. ఈ ఎండలో లారీ ఆగితే సాయంత్రానికి పావు సరుకు రసమైపోతుంది. అది ఒక వైపు, ట్యాంకరు ఒక వైపు. తేల్చుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు.

వెనక వచ్చిన ఖాళీ లారీలో ఇద్దరు డ్రైవర్లున్నారు. ఒకతన్ని బతిమాలి తన లారీ ఎక్కించుకుంది. దారిలో కింటాంపో ఊళ్లో ఆసుపత్రి ముందు ఆపించింది.

డాక్టరమ్మ ఇమోరో రక్తపోటు రెండుసార్లు చూసింది. "ఇంత పెట్టుకుని లారీ నడిపావా? నిద్రలో నీ గొంతు మూసుకుపోతోందనుకుంటా. ఊపిరి ఆగిన ప్రతిసారీ గుండె మీద భారమే. ఇలాగే వదిలేస్తే పక్షవాతం రావచ్చు, గుండెపోటు రావచ్చు. ఆలోపు రోడ్డే నిన్ను తీసుకుపోవచ్చు. కుమాసీలో పరీక్ష చేయించుకో. జబ్బు అదే అయితే ముక్కుకు గాలి పంపే మిషను పెట్టుకుని పడుకోవాలి. అందాకా స్టీరింగ్ ముట్టుకోకు."

డాక్టరమ్మ గదిలోంచి రాగానే ఇమోరో ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "అడ్డాలో చెప్పకక్కా. నా పిల్లల నోట్లో మట్టి కొట్టకు."

"చెప్పకపోతే రేపు దుఫీ ఎక్కుతుంది నీ పక్కన."

అతని ఎదుటే ఫోను కలిపింది. "దుఫీ, ఇమోరోకి జబ్బు. నయమయ్యేదాకా ఎవరూ పిలవొద్దు. గురక విని ఎవరి లారీ ఎక్కొద్దు. అవునే, నేనే అంటున్నా."

ఇమోరో బెంచీ మీద కూలబడి గోడవైపు తిరిగాడు.

బయట కొత్త డ్రైవరు హారన్ కొట్టాడు. "వస్తున్నావా అమ్మా? పెట్టెలు కారుతున్నాయి!"

సరుకు వెంట తాను లేకపోతే కుమాసీలో కొనేవాళ్లు చెప్పిందే ధర. కానీ ఇమోరోను ఇక్కడ వదిలేస్తే ఉత్తరం వైపు బస్సెక్కి, తెలియని అడ్డాలో ఇంకో లారీ కింద పడుకుంటాడు. ఆ గురక విని ఇంకెవరో ఆడమనిషి సంతోషిస్తుంది.

"నువ్వు పద," అని డ్రైవరుకు కేకేసి, వచ్చి బెంచీ మీద కూర్చుంది. "కుమాసీ బస్సు ఎన్నింటికో కనుక్కుందాం. పరీక్షకి నేనూ వస్తాను."

"నీ టమాటాలు పోతాయి," అన్నాడు ఇమోరో, గోడవైపే చూస్తూ.

"పోతాయి," అంది పొకువా.